ఆదివారపు కట్టెలు

ఎసెతా బైబిలు పాఠం చెబుతున్నంతసేపూ పిల్లలు దోమ కుట్టినా గోక్కునేవారు కాదు. కొడుతుందని కాదు. ఆమె ఏ పిల్ల మీదా చెయ్యెత్తగా చూసినవాళ్ళు లేరు. మధ్యలో ఠక్కున ఆపి, కదిలిన పిల్లవైపు చూసి, "నీలాంటిది ఒక్కతె పాళెంలో ఉంటే చాలమ్మా, దేవుడు మేఘస్తంభం చుట్టుకుని వెళ్ళిపోతాడు," అనేది. ఆ మాట పడ్డ పిల్ల ఆ మధ్యాహ్నం విందులో చేమదుంప ముట్టేది కాదు.

సవాయి దీవిలో మాతాసవా పెద్ద ఊరేం కాదు. సముద్రానికీ నల్లరాతి బీడుకీ మధ్య ఇరుక్కున్న నాలుగు వరుసల ఇళ్ళు, వాటిని మింగేసేంత పెద్ద తెల్లటి చర్చి. ఆ చర్చిలో పాస్టరుగారి తర్వాత మాట ఎసెతాదే. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి రెండే, కొడుకు తావితా, ఇశ్రాయేలీయులు. ఐగుప్తు వదిలిన రోజు తనూ వాళ్ళ వెంట నడిచినట్టు, ఎర్రసముద్రం తడి ఇంకా తన బట్ట అంచున ఉన్నట్టు చెప్పేది. చెప్పేటప్పుడు తను ఎప్పుడూ అవతలి ఒడ్డునే ఉండేది, పాటపాడే ఆడవాళ్ళ గుంపులో. మునిగిపోయినవాళ్ళు ఎప్పుడూ వేరే ఎవరో.

ఒక ఆదివారం సంఖ్యాకాండం పాఠం వచ్చింది. తెలియక చేసిన పాపానికి బలి ఉంది, తెలిసి తెగించి చేసినదానికి లేదు, అలాంటివాణ్ణి జనంలోంచి కొట్టివెయ్యాలి అని చెప్పింది. ఉదాహరణకి, అరణ్యంలో విశ్రాంతిదినాన కట్టెలేరుకుంటూ దొరికిపోయిన మనిషి కథ చెప్పింది. అతన్ని పాళెం బయటికి ఈడ్చుకెళ్ళి, జనమంతా కలిసి రాళ్ళతో కొట్టి చంపారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ముందు వరుసలో, తనతో కలిసి చాపలు నేసే లూపె కూతురు సియా చెయ్యెత్తింది. ముందు పళ్ళు రెండూ ఊడిన పిల్ల.

"ఆ కట్టెలేరుకున్నాయనకి పెళ్ళాం ఉందా టీచరమ్మా?"

"రాయలేదు."

"పిల్లలున్నారా?"

"రాయలేదన్నానా? రాయనిది అడక్కూడదు."

"మరి కట్టెలు ఎవరికోసం ఏరుకున్నాడు?"

వెనకెవరో కిసుక్కున నవ్వారు. "కూర్చో," అంది ఎసెతా. సియా కూర్చుంది గానీ, జవాబు రాలేదని మొహం చిన్నబుచ్చుకుంది.

మాతాసవాలో ఆదివారం తెల్లారకముందు రాళ్ళపొయ్యి వెలిగించుకోవడం తప్పు కాదు. వండుకోకపోతే మధ్యాహ్నం తినేదేమిటి? కానీ కట్టెలు మటుకు శనివారమే ఏరి, పొయ్యి పక్కన పేర్చి ఉంచుకోవాలి. శనివారం అర్ధరాత్రి దాటాక ఎండు మట్ట ఒకటి వంగి తీసినా తప్పే. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు. ఈ కట్టుబాటు మోషే దగ్గర్నుంచి నేరుగా తమకే వచ్చిందని ఆ ఊరి నమ్మకం.

ఆ పాఠం చెప్పిన కొద్దికాలానికే ఎసెతా, ఒక ఆదివారం రెండో ఆరాధనకు వెళ్తూ, కొబ్బరితోట అంచున లూపె మొగుడు సెమీసిని చూసింది. చంకలో కొబ్బరి డొక్కలు, భుజాన ఎండుమట్టలు. ఆమెను చూసి మనిషి కొయ్యబారిపోయాడు.

"అక్కా, సియాకి ఒళ్ళు కాలిపోతోంది. నిన్నంతా దాని పక్కనే కూర్చుని కట్టెల సంగతి మర్చిపోయాం. నీళ్ళు కాచి తుడుద్దామని..."

ఎసెతా నడిచి వెళ్ళిపోయింది. ఆరాధనలో పాటలన్నీ గొంతెత్తి పాడింది.

కట్టెల కబురు ఊళ్ళో పాకి, సోమవారం ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు ఆమెను సాక్ష్యానికి పిలిచారు. చూసింది చెప్పింది. విన్నది చెప్పలేదు. అడిగితే చెప్పేదేమో! ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అంతే.

కుటుంబపెద్దని అక్కడ మతాయి అంటారు. అందరిలో పెద్ద మతాయి తోఫాయె లావుపాటి మనిషి, చెడ్డవాడు కాదు. కుటుంబపెద్దలందరి తరఫునా ఆయనే తీర్పు చెప్పాలి. "రెండు పందులూ, డబ్బా చేపల పెట్టొకటీ ఇచ్చుకుని తప్పు ఒప్పుకుంటే సరిపోతుందిలే," అన్నాడు.

ఎసెతా లేచింది. "మోషే ముందుకి పందుల్ని తోలుకెళ్తే ఆయనేమంటాడంటారు పెద్దాయనా?"

కొంపలు ముంచింది ఆ ఒక్క మాటే. యూదులకి పంది పనికిరాదని చంటిపిల్లలకి కూడా తెలిసిన ఊరు. సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. తోఫాయె మొహం కందగడ్డయింది. అంతమంది నవ్వాక ఇంక పందుల మాట ఎలా ఎత్తుతాడు? "అయితే మోషే ధర్మమే కానివ్వండి," అని కసిగా అన్నాడు. రాళ్ళేసే రోజులు కావు గనుక వెలి వేశారు. పొద్దుగూకేలోపు ఊరు దాటాలన్నారు.

సెమీసి ఇల్లు కూల్చిన కుర్రాళ్ళు పాటలు పాడుకుంటూ కూల్చారు. లూపె చంటిపిల్లలిద్దర్నీ చెరో పక్కా పట్టుకుని, సెమీసి జ్వరంతో ఉన్న సియాని వీపున వేసుకుని, కొండమీద నల్లరాతి బీడులో వాళ్ళ తాతలనాటి నేలచెక్కలో ఉన్న రేకుల పాకలోకి పోయారు. దారిలో వాన పట్టుకుంది. సియా ఆ వారం దాటలేదు. ఇంటిముందు, తాతముత్తాతల సమాధుల పక్కన పాతిపెట్టుకుంటామని సెమీసి వచ్చి ఊరి పొలిమేరలో నిలబడి బతిమాలాడు. వెలి అంటే శవానికి కూడా వెలే అన్నారు. పైనే, ఆ రేకుల పాక ముందే పూడ్చుకున్నాడు.

ఎసెతాకి ఆ రాత్రులు నిద్ర పట్టలేదనుకుంటున్నారేమో. హాయిగా పట్టింది. తప్పు చేశాననుకున్నవాళ్ళకి కదా నిద్ర పట్టనిది! పాస్టరుగారి భార్య ఒకసారి, "పాపం, ఆ పిల్ల..." అనబోతే, "ఆకాను చేసిన దొంగతనానికి వాడి పిల్లలు కూడా పోయారు కదమ్మా," అంది. పాస్టరుగారి భార్య మాట మార్చేసింది.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి.

కొండకీ ఊరికీ మధ్య రోడ్డొకటే. శనివారాలు తావితా ఊరివాళ్ళ చేమదుంపలన్నీ ట్రక్కు బండికెక్కించుకుని రేవుకి తీసుకెళ్ళి అమ్ముకొచ్చేవాడు. మంచి కుర్రాడు, మెత్తటివాడు. తల్లికి భయపడేవాడు, సిగ్గు లేకుండా చెప్పుకునేవాడు కూడా. సాయంత్రం ప్రార్థన శంఖం ఊదాక ఊళ్ళో ఎవరూ రోడ్డు మీద తిరగకూడదు. ఎసెతా ఇంట్లో ఇంకో కట్టుబాటుంది. శంఖం తర్వాత వస్తే ఎదిగిన కొడుకని కూడా చూడకుండా, ప్రార్థన ముగిసేదాకా అరుగు కింద నిలబెట్టేది. గోడల్లేని ఇళ్ళు, చుట్టుపక్కలవాళ్ళంతా చూసి నవ్వుకునేవారు.

ఆ శనివారం రేవులో లాంచీ ఆలస్యంగా వచ్చింది. తావితా పొద్దువైపు చూసుకుంటూ, శంఖానికి అందుకోవాలని బండి తరిమాడు. మలుపులో, ఎండుమట్టల మోపు తలకెత్తుకుని పోతున్న మనిషి కనపడేసరికే ఆలస్యమైపోయింది. అది సెమీసి. ఆదివారానికి కట్టెలు శనివారమే తెచ్చుకుంటున్నాడు.

తావితా పారిపోలేదు. తనే ఎత్తుకుని బండిలో పడుకోబెట్టి, వచ్చిన దారినే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలోనే ప్రాణం పోయింది. పోలీసులు రాసుకుని, బండి ఉంచుకుని, కోర్టు పిలిచినప్పుడు రమ్మని వదిలిపెట్టారు. అతను నడిచి ఇంటికి చేరేసరికి ఊళ్ళో ప్రార్థనలు ఎప్పుడో అయిపోయాయి. వచ్చి అరుగు కింద నిలబడ్డాడు, అలవాటుగా.

"పైకి రారా," అంది ఎసెతా. అలా పిలవడం అదే మొదటిసారి.

అప్పటికే కబురు వచ్చేసింది. సెమీసి తమ్ముళ్ళిద్దరూ దీవి అవతలి వైపు ఉంటారు. తెల్లారేసరికి వస్తున్నారట, కత్తులు నూరుకుని మరీ. అన్నని ఊరు వెలివేసినప్పుడు నోరు మూసుకున్నవాళ్ళు, ఇప్పుడు మూసుకునేలా లేరు.

ప్రాణానికి ప్రాణం అడగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో ఆ దీవిలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. చీకటుండగానే వాళ్ళ గుమ్మం ముందుకు పోవాలి. కట్టెలూ రాళ్ళూ పచ్చి ఆకులూ మోసుకెళ్ళాలి, అంటే పందిని పొయ్యిలో పెట్టడానికి ఏవి కావాలో అవే. ఇవిగో సామాన్లు, పంది మేమే, వండుకోండి అని దానర్థం. నెత్తిన సన్ననేత చాప కప్పుకుని మోకరించాలి. లోపలివాళ్ళు వచ్చి చాప ఎత్తి ఉంచుకుంటే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో అలాగే ఉండాలి. కత్తి పట్టుకుని మీదికొచ్చినా చెయ్యి అడ్డుపెట్టకూడదు. చాప కింద కుటుంబపెద్ద ఉండాలి. ఆ పెద్ద ఎంత గొప్పవాడైతే క్షమాపణకి అంత బరువు.

ఎసెతా తోఫాయె ఇంటికి పరుగెత్తింది. ఆయన ఆమె చెప్పిందంతా విని, పళ్ళు కుట్టుకున్నాడు చాలాసేపు.

"మనం వెలేసినవాళ్ళ గుమ్మం ముందు మనమే మోకరిస్తే, వెలి ఎవరికి పడినట్టే ఎసెతా?"

"నా కొడుకుని చంపేస్తారు పెద్దాయనా."

"పైగా తెల్లారితే ఆదివారం. ఆదివారం మోపులు మోస్తూ కొండెక్కమంటావా? నువ్వా మాటనేది?"

ఆమె కొండవైపు చూసింది.

"సోమవారం చూద్దాం. అందాకా ఈ ఊరి కట్టె, ఈ ఊరి రాయి ఆ కొండెక్కదు. ఎవరైనా ఇచ్చారో, వాళ్ళకీ అదే దారి." అని లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్తూ, "మోషేనడుగు," అన్నాడు.

ఇంటికొచ్చి పొయ్యి పక్కన చూసుకుంది. కట్టెలు లేవు. ఎలా ఉంటాయి? ఏరి పెట్టాల్సిన కొడుకు పొద్దున్నుంచీ రేవులో ఉన్నాడు. రేవునుంచి వచ్చాక ఏరతానన్నాడు.

పెట్టె తెరిచి తన తల్లి నేసిన చాప తీసింది. పట్టులా మెత్తటిది, ఎర్ర ఈకల అంచుది. తావితా పెళ్ళికని దాచింది. దాన్ని చంకన పెట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, తొలికోడి కూయకముందే బయల్దేరింది. ఊరి చివర, కొబ్బరితోట అంచున ఆగింది. సెమీసి నిలబడిన చోటే. కావాలని ఆగలేదు. ఎండుమట్టలు దొరికేది అక్కడే.

వంగింది. ఒక మట్ట తీసింది. తన ప్రాణం పోతుందేమోనన్న భయంలాంటి భయం ఆమెను పట్టుకుంది, నిజంగానే. ఆకాశంవైపు చూసింది. ఏమీ జరగలేదు. ఇంకో మట్ట తీసింది, ఇంకొన్ని డొక్కలు తీసింది. ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మట్టలూ డొక్కలూ తనే మోసింది, రాళ్ళూ ఆకులూ తావితా మోశాడు.

"అమ్మా, నువ్వు మొయ్యకూడదు, ఆదివారం," అన్నాడు తావితా.

"నోరుముయ్యి," అంది.

లూపె పాక ముందు ముగ్గంత జాగా ఉంది, మిగతాదంతా నల్లరాయి. పాకకి కొద్ది అడుగుల దూరంలో చిన్న సమాధి, సున్నం కొట్టి, మీద ప్లాస్టిక్ పూలు. ఎక్కడ మోకరించినా ఆ సమాధి పక్కనే మోకరించాలి, వేరే జాగా లేదు. కట్టెలూ రాళ్ళూ ఆకులూ ముందు పేర్చి, ఇద్దరూ మోకరించి, చాప ఇద్దరి మీదా కప్పుకున్నారు.

తెల్లారింది. లోపల పిల్లలు లేచిన చప్పుడు. లూపె బయటికొచ్చింది, ఆ అడుగుల చప్పుడు ఎసెతా గుర్తుపట్టింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే మగ్గం ముందన్నట్టు, పక్కపక్కన కూర్చుని చాపలు నేసినవాళ్ళు. అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. చాప కదులుతుందేమోనని ఎసెతా తల ఇంకాస్త వంచింది. కట్టెల మోపు కదిలిన చప్పుడైంది. లూపె చంకనిండా కట్టెలు తీసుకుని వంటపాకలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి పొగ వాసన. తర్వాత కోకో కాగుతున్న వాసన. క్షమాపణ కోసం తెచ్చిన కట్టెలతో లూపె పిల్లలకి కోకో కాచి, సీమపనస కాల్చి పెట్టింది. "వేడిగా ఉంది, ఊదుకుని తాగు," అని చిన్నాడికి చెప్పడం వినిపించింది. ఎండ ఎక్కింది. రాయి మోకాళ్ళలోకి దిగింది.

"అమ్మా, చాప ఎత్తుతుందా?" గుసగుసగా అడిగాడు తావితా.

"మాట్లాడకు."

"ఎత్తకపోతే?"

"ప్రార్థన చేసుకో."

"ఏమని?"

ఏమని? ఆమెకు వచ్చిన ప్రార్థనలన్నీ శత్రువుల మీదివే. ఫరోని ముంచినట్టు ముంచమని, యెరికో గోడలు కూల్చినట్టు కూల్చమని. ఇక్కడ ఫరో ఎవరు? ఇన్నేళ్ళుగా చెప్పిన కథలో తను ఎప్పుడూ లేని చోట ఇవాళ మోకరించి ఉంది. కింద చర్చి గంట మోగింది. తన తరగతి పిల్లలు వరుసల్లో కూర్చుని ఉంటారు. అప్పుడు, ఆ చాప కింద ఉక్కలో, తనకి కంఠతా వచ్చిన సంగతే మొదటిసారి గుండెకి తగిలింది. ఆ కట్టెలేరినవాణ్ణి రాళ్ళతో కొట్టిన జనంలో పెద్దవాళ్ళెవరూ వాగ్దానదేశం చేరలేదు. ఒక్క యెహోషువ, ఒక్క కాలేబు తప్ప. మిగిలినవాళ్ళంతా ఆ అరణ్యంలోనే, ఆ ఇసకలోనే పోయారు. రాయి వేసినవాళ్ళ మీద దేవుడి తీర్పు అప్పటికే వచ్చేసి ఉంది, దాన్ని నెత్తిన మోసుకుంటూనే ఇంకొకడి మీద రాళ్ళేశారు. ఈ మాట పిల్లలకి ఒక్కరోజైనా ఎందుకు చెప్పలేదు? ఏడుపొచ్చింది. ఏడిస్తే చాప తడుస్తుందని ఆపుకుంది.

బండి చప్పుడైంది. సెమీసి తమ్ముళ్ళు దిగారు. రాళ్ళ మీద కత్తి ఆనించిన చప్పుడు ఎసెతాకి వినపడింది.

"వదినా, నువ్వు పిల్లల్ని తీసుకుని లోపలికి పో," అన్నాడు పెద్దతమ్ముడు. "చాపేసుకుని వచ్చాడా? సిగ్గులేని నాయాలు! వీళ్ళ పెద్దాయనేడి? ఆడదాన్ని పంపాడా?"

"నా గుమ్మం ముందు నేను చెప్పేదాకా ఎవరూ చెయ్యెత్తకండి," అంది లూపె. గొంతు మామూలుగానే ఉంది. వచ్చి సమాధి గట్టు మీద కూర్చుంది. చాప అంచుకింద నుంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి, పగిలిపోయి, నల్లగా.

"టీచరమ్మా," అంది.

మునుపటిలా అక్కా అనలేదు.

"ఒక సంగతి అడుగుతా, చెప్పు. ఆ కట్టెలేరుకున్నాయనకి పెళ్ళాం ఉందా?"

ఎసెతా చాప అంచుకింద నుంచి సమాధి సున్నం వైపు చూసింది.

"రాయలేదనకు. అడిగిన పిల్ల నీ పక్కనే పడుకుంది. దానికి చెప్పు."

"ఉంది," అంది ఎసెతా.

"పిల్లలో?"

"ఉన్నారు."

"మరి కట్టెలు ఎవరికోసం ఏరుకున్నాడు?"

"జ్వరమొచ్చిన పిల్లకి నీళ్ళు కాచడానికి."

"ఇప్పుడు తెలిసిందా నీకు? ఆ రోజు తెలీదా?"

కత్తుల చప్పుడు ఆగిపోయింది. చాప కింద తావితా తల తిప్పి తల్లివైపు చూశాడు. అబద్ధమాడటం ఎసెతాకి రాదు. చెప్పకుండా ఊరుకోవడం మటుకే వచ్చు. ఇప్పుడు దానికీ దారిలేకుండా పోయింది.

"తెలుసు. సెమీసి చెప్పాడు."

లూపె తావితాని పిలిచింది. "ఒరేయ్, దారిలో ఆయనేమైనా అన్నాడా?"

"అన్నాడు పిన్నీ," అన్నాడు తావితా. "మబ్బేసింది, కట్టెలు తడుస్తాయి, ఇంటికి చేర్చెయ్యి అన్నాడు. అంతే అన్నాడు."

అప్పుడు ఏడ్చింది లూపె. ముందురోజు సాయంత్రం నుంచీ ఏడవని ఏడుపంతా, సమాధి గట్టుని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. మరుదులు పక్కకి తిరిగి నిలబడ్డారు. ఏడవడం అయ్యాక, బట్టతో మొహం తుడుచుకుని లేచి వచ్చి, తావితా వైపు చాప ఎత్తింది.

"లే."

"వదినా!" అని అరిచాడు చిన్నతమ్ముడు.

"చంపుతావు. చంపి? నా పొయ్యిలోకి కట్టెలెవడు తెస్తాడు, నువ్వు తెస్తావా? పాతిపెట్టిన మర్నాడు మీ ఊరెళ్ళిపోతావు. మమ్మల్ని వెలేసినప్పుడు ఏ దిక్కున ఉన్నావు నువ్వు?" ఆమె తావితా వైపు తిరిగింది. "ఇక్కడే ఉంటావు. ఈ ఇంటి కొడుకువి. పిల్లలిద్దరూ నీ తమ్ముళ్ళు. కోర్టుకి ఇక్కణ్ణుంచే వెళ్తావు, ఎన్నాళ్ళు లోపలేసినా ఇక్కడికే వస్తావు. కిందికి పోకూడదు. ఆవిడ పైకి రాకూడదు."

ఎత్తిన చాప చేతిలోంచి వదిలేసింది. అదంతా ఎసెతా మీద కుప్పగా పడింది.

"నా మీదది కూడా ఎత్తు లూపె," అంది ఎసెతా లోపల్నుంచి. జీవితంలో ఆమె ఎవర్నీ అలా అడగలేదు. "నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎత్తవే."

"వాడు తెలీక చేశాడు, దానికి బలి ఉంది. నువ్వు తెలిసి చేశావు." లూపె గొంతులో కోపం కూడా లేదు. "దానికి లేదు, జనంలోంచి కొట్టెయ్యడమే. నువ్వు చెప్పిన పాఠమే కదా! సియా ఇంటికొచ్చి నాకు అప్పజెప్పింది."

"వాడొక్కడే నాకు..."

"నాకు సియా ఒక్కతే ఆడపిల్ల. చాప మడత పెట్టుకుని పో టీచరమ్మా. అక్కర్లేదు మాకు."

చాప తొలగించుకుని ఎసెతా లేచింది. లేవలేక ఒకసారి పడింది, సమాధి మీద చెయ్యి ఆనించి లేచింది. తావితా అడుగు ముందుకేశాడు. "పిన్నీ, అమ్మని కొంచెం దూరం..."

"ఎవర్రా అమ్మ?" అంది లూపె.

తావితా తల్లివైపు చూశాడు. ఆ చూపులో ప్రేమ ఉందో, ఇందాక చాప కింద విన్నదే ఉందో ఎసెతా తేల్చుకోలేకపోయింది. అతను వంగి, మిగిలిన మట్టలు భుజానికెత్తుకుని, వంటపాక వైపు నడిచాడు. చిన్నపిల్లాడొకడు డొక్క ఒకటి చేతపట్టుకుని వాడి వెనకే వెళ్ళాడు. ఆమె ఇంకా నిలబడి ఉంటే, పెద్దతమ్ముడు కత్తితో దారి చూపించాడు.

కొండ దిగేసరికి ఆరాధన వదిలారు. తెల్లబట్టల్లో ఊరంతా చర్చి ముందు నిలబడి ఉంది. ఎసెతా చంకలో చాప చూశారు. క్షమాపణకి తీసుకెళ్ళిన చాప తిరిగి రావడం ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. పక్కన కొడుకు లేకపోవడం చూసి ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చంపారా?" అనడిగాడు తోఫాయె.

"లేదు. ఉంచుకున్నారు."

ఆయన ఆమె బట్టలకేసి చూశాడు. భుజాలనిండా కొబ్బరి పీచు, మట్టల దుమ్ము. చూసి, అందరికీ వినపడేలా, నింపాదిగా అడిగాడు. "కట్టెలు ఎక్కడివి ఎసెతా?"

"తోట అంచున ఏరాను."

"ఎప్పుడు?"

"ఇవాళ."

తోఫాయె మొహంలో చిన్న వెలుగొచ్చింది. ఎన్నేళ్ళు దాచుకున్నాడో ఆ మాట, పాపం. "అయితే రెండు పందులు సరిపోతాయంటావా మరి?"

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆ రోజు సభలో నవ్విన నవ్వే, అవే పొట్టలు, అవే పళ్ళు. ఆమె తరగతి పిల్లలు కూడా, పెద్దవాళ్ళు నవ్వుతున్నారు కదా అని నవ్వారు. పాస్టరుగారు చేతిలో బైబిలు అటూ ఇటూ తిప్పుకుంటూ నేల చూశారు.

నవ్వంతా అయ్యేదాకా ఎసెతా ఆగింది.

"చాలవు పెద్దాయనా," అంది. "మోషే పందుల్ని తీసుకోడు."

నవ్వినవాళ్ళు నోళ్ళు మూశారు. ఆమె వాళ్ళ మధ్యలోంచే నడిచి, సామాను సర్దుకోవడానికి ఇంటికి వెళ్ళింది. ఎక్కడికి పోతావని ఎవరూ అడగలేదు.